అంబాసిడర్ ముందు అద్దం: కొత్తది బిగించే ముందు ఫ్రేమ్ ఎలా సిద్ధం చేయాలి?

బెజవాడ_మార్క్4
బండి 1984 మార్క్ 4 అంబాసిడర్. పాత ముందు అద్దం నిండా వైపర్ గీతలు. రాత్రి ఎదురు బండి లైట్లు పడితే రోడ్డే కనబడదు. కొత్త ల్యామినేటెడ్ అద్దం, కొత్త గ్లాస్ రబ్బరు తెప్పించాను. పాత అద్దం ఊడదీశాక ఫ్రేమ్ ఇలా ఉంది: ఎడమ కింది మూలలో అంచు రేకును దాదాపు 9 అంగుళాల మేర తుప్పు తినేసింది, రెండు చోట్ల చిటికెన వేలు దూరేంత చిల్లులు. కుడి మూలలో చిల్లు లేదు గానీ రెండు రేకులు కలిసే చోట పొంగి విడిపోయింది. పైన, పక్కల రేకు గట్టిగానే ఉంది, మీద మాత్రం పాత పెయింట్లు పొరలు పొరలుగా పేరుకున్నాయి. కింది వైపు పొడవునా ఎవరో తెల్ల సిలికాన్ దట్టించి పెట్టారు.

ఇక్కడి టింకర్ "చిల్లుల మీద రేకు ముక్క అతికించి, పుట్టీ లాగి, రంగు కొట్టేద్దాం, మిగతాది సిలికాన్ చూసుకుంటుంది" అంటున్నాడు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఏ పని ముందు, ఏది తర్వాత? రేకు ఎంతవరకు కోయాలి? రంగు వేశాక ఎన్నాళ్లు ఆగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

రేకుపని_రామగుండం
నమ్మకం కుదరకపోవడమే మంచిదైంది. రబ్బరుతో బిగించే అద్దానికి నీళ్లు ఆపేది సిలికాన్ కాదు. అంచు రేకు మందం, ఎత్తు, వంపు అన్నిచోట్లా ఒకేలా ఉంటే రబ్బరు దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, నీళ్లు అక్కడే ఆగుతాయి. రేకు ఒకచోట మందం, ఇంకోచోట పలచన అయితే మీద ఏది పూసినా రెండు వానాకాలాల్లో మళ్లీ కారుతుంది.

మొట్టమొదట ఆ సిలికాన్ సంగతి చూడండి. గ్రైండర్ గానీ ఉప్పుకాగితం గానీ పట్టుకోకముందే అది పూర్తిగా పోవాలి. సిలికాన్ ఉన్న చోట వైర్ బ్రష్ తిప్పితే అది సన్నటి పొరలా చుట్టూ రేకు మీదంతా పాకుతుంది. తర్వాత ప్రైమర్ కొట్టినప్పుడు చేపకళ్లలా గుంటలు పడేది దానివల్లే. ప్లాస్టిక్ స్క్రాపర్‌తో ముద్దలన్నీ గీకెయ్యండి, మిగిలిన పొరను సిలికాన్ రిమూవర్‌తో నానబెట్టి తుడవండి. ఒక గుడ్డతో తడపాలి, ఇంకో పొడి గుడ్డతో తుడవాలి, గుడ్డలు తరచూ మార్చాలి. అదే గుడ్డ మళ్లీ మళ్లీ వాడితే సిలికాన్‌ను ఒకచోట తీసి మరోచోట పూసినట్టే.

దాని తర్వాతే పెయింట్ తీయడం. అంచు మీద గ్రైండింగ్ డిస్క్ వద్దు. ఉన్న రేకే పలచన, డిస్క్ ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా సగం మందం పోతుంది. నైలాన్ స్ట్రిప్ డిస్క్ గానీ, డ్రిల్‌కు తగిలించే చిన్న కప్ బ్రష్ గానీ వాడండి. వంపుల్లో పెయింట్ రిమూవర్ జెల్లీ, స్క్రాపర్. మెరిసే రేకు కనిపించాకే ఏది మంచి రేకు, ఏది తుప్పు అన్నది తేలుతుంది. ఇప్పుడు 9 అంగుళాలు అంటున్నారు, శుభ్రం చేశాక అది 12, 13 అయినా ఆశ్చర్యపోకండి.

గాజు_గది
రేకు పని మొదలుపెట్టేలోపు నాకు కొన్ని కొలతలు కావాలి. వెర్నియర్ తీసుకుని చూడండి.

కొత్త అద్దం మందం ఎంత? కొత్త రబ్బరులో అద్దం కూర్చునే గాడి వెడల్పు ఎంత, రేకు కూర్చునే గాడి వెడల్పు ఎంత, రెండు గాడుల మధ్య రబ్బరు గోడ మందం ఎంత? పెయింట్ ఉన్నచోట అంచు మందం, పెయింట్ తీసినచోట అంచు మందం. పాడవని చోట అంచు ఎత్తు.

అద్దం మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న సంఖ్య ఉన్నాయో లేదో కూడా చూడండి. ఆ ప్రమాణంలో రెండో భాగం వాహనాల అద్దాలది. రంగు అద్దం అయితే ఇంకో మాట: 1989 కేంద్ర మోటారు వాహన నియమాల్లో 100వ నియమం ప్రకారం ముందు అద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి.

బెజవాడ_మార్క్4
అద్దం తెల్లదే, గుర్తు, సంఖ్య రెండూ ఉన్నాయి. మందం 5.8 ఎంఎం. రబ్బరులో అద్దం గాడి 5, రేకు గాడి 2.5, మధ్య గోడ 6. అంచు మందం పెయింట్‌తో కొన్నిచోట్ల 3.4, ఒకచోట 3.7 కూడా వచ్చింది. పెయింట్ గీకి చూసిన చోట 1.9. మంచి రేకు ఉన్నచోట అంచు ఎత్తు 12 ఎంఎం. ఇవన్నీ నా బండివి, నా చేతిలో ఉన్న రబ్బరువి.

గాజు_గది
మీ సమస్య సగం ఈ అంకెల్లోనే ఉంది.

పాత టఫెన్డ్ అద్దం (కాల్చి గట్టిపరిచిన ఒకే పలక) సాధారణంగా 5 ఎంఎం. ల్యామినేటెడ్ అంటే రెండు గాజు పలకలు, మధ్యలో 0.76 ఎంఎం పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. 2.5, 0.76, 2.5 కలిపితే మీకు వచ్చిన 5.8. రబ్బరు గాడి 5. కొత్త రబ్బరు మెత్తగా ఉంటుంది కాబట్టి ఈ 0.8 తేడాను భరిస్తుంది. కానీ అటు సాగిపోయాక ఇటు రేకు గాడికి సాగే ఓపిక తగ్గుతుంది. రేకు గాడి 2.5, పెయింట్ తీసిన అంచు 1.9. అంటే మీ చేతిలో ఉన్నది 0.6 మాత్రమే. ప్రైమర్, రంగు కలిపి ఒక్కో వైపు 0.15 ఎంఎం పట్టినా రెండు వైపులా 0.3. బాగానే సరిపోతుంది. అదే అంచు మీద పుట్టీ లాగి 3.5 చేస్తే? రబ్బరు పూర్తిగా లోపలికి దిగదు, రబ్బరు పెదవి పైకి లేస్తుంది, అద్దం బిగించడానికి రబ్బరు గాడిలో పెట్టిన తాడు లాగేటప్పుడు అక్కడే బిగుసుకుంటుంది. ఆ బిగువు తగిలేది అద్దానికి.

టఫెన్డ్ అద్దం కొంత వంపుకు ఓర్చుకుంటుంది. ల్యామినేటెడ్ అలా కాదు, అంచు మీద ఒకే చోట ఒత్తిడి పడితే అక్కడి నుంచి సన్నటి పగులు మొదలవుతుంది. బిగించిన రోజు ఏమీ కనిపించదు. మే నెలలో మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండికి ఏసీ వేసిన రోజో, గతుకుల రోడ్డు మీదో పగులు బయటపడుతుంది. అందరూ అద్దాన్ని తిట్టుకుంటారు, తప్పు ఉన్నది అంచు రేకులో.

కొత్త రబ్బరు రింగును కోయకండి. అదే సెక్షన్ రబ్బరు ముక్క 100 ఎంఎం విడిగా సంపాదించండి, అదే మీ గేజ్. పని ప్రతి దశలో, అంటే రేకు శుభ్రం చేశాక, వెల్డింగ్ అయ్యాక, ప్రైమర్ ఆరాక, రంగు ఆరాక, ఆ ముక్కను అంచు మీద ఎక్కించి ఫ్రేమ్ చుట్టూ జరుపుతూ రండి. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఎక్కడ వదులుగా ఊగితే అక్కడా గుర్తు పెట్టండి. చేతికి తెలిసినంత కంటికి తెలియదు.

ఉత్తరపార_1958
రేకు కోయకముందే చూడాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద సిల్స్ తుప్పు పట్టి బలహీనపడితే బాడీ కొద్దిగా కుంగుతుంది, ఆ కుంగుదల ముందు అద్దం ఫ్రేమ్‌లో ఐమూలగా తెలుస్తుంది. ఫ్రేమ్ రెండు ఐమూలలు టేపుతో కొలవండి. తేడా 3 ఎంఎం లోపు ఉంటే పర్లేదు. అంతకు మించితే ముందు సిల్స్ సంగతి, తర్వాతే అద్దం.

బండి నాలుగు చక్రాల మీద సమతలంగా నిలబడి ఉండగానే కొలవాలి, వెల్డింగ్ కూడా అలాగే చేయాలి. జాకీ మధ్యలో పెట్టి లేపి ఫ్రేమ్ మూలలు వెల్డ్ చేస్తే, దింపాక ఆ మూలలు ఆ వంకరలోనే ఉండిపోతాయి. తలుపులు మూసి చూడండి, తలుపుకూ ఎ పిల్లర్‌కూ (ముందు అద్దం పక్కన ఉండే స్తంభం) మధ్య సందు పైనా కిందా సమానంగా ఉందా? అది కూడా అదే కథ చెబుతుంది.

బెజవాడ_మార్క్4
ఐమూలల తేడా 2 ఎంఎం వచ్చింది. సిల్స్ గట్టిగానే ఉన్నాయి, తలుపు సందులు సమానం. ఇక రేకు కోయడానికి దిగొచ్చా?

రేకుపని_రామగుండం
దిగొచ్చు. వెల్డింగ్ ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. డ్యాష్‌బోర్డ్ పైభాగం, దాని కింద ఉండే నార, గోనె లాంటి ఇన్సులేషన్ బయటకు తీయాలి. ఎ పిల్లర్ దగ్గర వైరింగ్ పోతుంటే దాన్ని పక్కకు లాగి తడిగుడ్డ కప్పండి. నిప్పురవ్వ ఎక్కడ పడిందో వెంటనే తెలియదు, కాబట్టి పని ఆపాక అరగంట సేపు బండిని కనిపెట్టుకుని ఉండాలి. పక్కనే నీళ్ల బకెట్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్.

ఎడమ మూల: అతుకు మీద అతుకు వద్దు. మెరిసే మంచి రేకు వచ్చేదాకా కోసి, అక్కడి నుంచి ఇంకో 10 ఎంఎం లోపలికి కోయండి. కోసే ముందు కుడి మూల మీద మందపు అట్ట పెట్టి వంపు గీసి కత్తిరించండి. అద్దం రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ అట్టను తిరగేస్తే ఎడమ మూల ఆకారం దొరికినట్టే. కుడివైపు పొంగిన చోటును మాత్రం లెక్కలోకి తీసుకోకండి, మంచి రేకు ఉన్న రెండు చివర్ల నుంచి వంపును కలపండి.

రేకు 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీట్, అంటే దాదాపు 0.9 ఎంఎం. 18 గేజ్ బలంగా ఉంటుందని వాడతారు, అది 1.2. రెండు పొరలు వేసేసరికి 2.4 అయి, గాజు_గది గారు చెప్పిన 0.6లో 0.5 అక్కడే ఖర్చయిపోతుంది. జీఐ, అంటే జింక్ పూత ఉన్న రేకు వద్దు. జింక్ కాలి పొగ వస్తుంది, అది ఊపిరికి మంచిది కాదు, వెల్డ్ కూడా బుడగలు పడుతుంది.

మూల వంపును ఒకే ముక్కలో తేవాలంటే 12 ఎంఎం ప్లైవుడ్ రెండు ముక్కలు ఆ వంపుకు కోసి, మధ్యలో రేకు బిగించి, నైలాన్ సుత్తితో కొంచెం కొంచెంగా అంచు మడవండి. ఒకేచోట గట్టిగా కొడితే ముడతలు పడతాయి. రేకు లొంగకపోతే రెండు ముక్కలుగా చేసి అతికించినా తప్పులేదు, అతుకు మాత్రం వంపు మధ్యలో రాకూడదు. అంచు ఎత్తు ముందు 14 పెట్టుకోండి, అంతా అయ్యాక ఫైల్‌తో 12కు దించవచ్చు. తక్కువ పెడితే పెంచడానికి దారి లేదు.

వెల్డింగ్ మిగ్ (గ్యాస్ రక్షణలో తీగను కరిగించేది) అయితే 0.8 ఎంఎం వైరు, 0.6 దొరికితే ఇంకా మంచిది. ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. ముక్కలు అంచుకు అంచు తగిలించి 20, 25 ఎంఎంకు ఒక చుక్క పెట్టండి. ఒక చుక్క ఎడమ చివర, తర్వాతిది కుడి చివర, ఆ తర్వాత మధ్యలో. వరసగా లాగితే వేడికి కౌల్ రేకు ఉబ్బుతుంది, అద్దం ముందు ఉన్న ఆ చదునైన భాగం ఒకసారి ఉబ్బిందంటే సరిచేయడం పెద్ద తలనొప్పి. ప్రతి చుక్క చేత్తో తాకగలిగేంత చల్లబడాకే పక్కది. చుక్కల్ని గాలి కొట్టి చల్లార్చినా పర్లేదు, నీళ్లు మాత్రం పోయకండి.

కుడి మూల: చిల్లు లేదని వదలకండి. రెండు రేకులు పొంగి విడిపోయాయంటే మధ్యలో తుప్పు పెరుగుతోందని. తుప్పు రేకు కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టే అది రెండింటినీ తోసేస్తుంది. సుత్తితో కొట్టి నొక్కితే నాలుగు నెలలు అణిగి ఉంటుంది, అంతే. పాత స్పాట్ వెల్డ్‌లను 8 ఎంఎం స్పాట్ కట్టర్‌తో పై రేకు వరకే కోసి, రెండు రేకుల్ని కొద్దిగా తెరవండి. సన్నటి స్క్రాపర్, ఎమ్రీ పట్టీ దూర్చి రెండు ముఖాలూ శుభ్రం చేయండి. వెల్డ్ చేయదగిన జింక్ ప్రైమర్ లోపల పూసి, దగ్గరకు తెచ్చి సీ క్లాంపులు బిగించి, ఆ రంధ్రాల్లోనే ప్లగ్ వెల్డ్ నింపండి. కొత్త రేకు వేసిన చోట అయితే 5 ఎంఎం రంధ్రాలు, 25 నుంచి 30 ఎంఎం దూరంలో. రెండు రేకుల మధ్య సందు కనబడకూడదు, సందు మిగిలితే మందం లెక్క తప్పుతుంది.

వెల్డ్ గుబ్బల్ని సన్న బెల్ట్ శాండర్‌తో గానీ ఫైల్‌తో గానీ దించండి. తర్వాత రబ్బరు ముక్క గేజ్.

అనకాపల్లి_గ్యారేజ్
మా వైపు మిగ్ అన్ని షెడ్లలోనూ ఉండదు, గ్యాస్ పెట్టి ఇత్తడి పోస్తారు. అది అంత చెడ్డదా? నీళ్లు కారకుండా నిండుగా కూర్చుంటుంది కదా అన్నా.

రేకుపని_రామగుండం
నిండుగా కూర్చోవడం నిజమే తమ్ముడూ. మూడు ఇబ్బందులు ఉన్నాయి. గ్యాస్ వేడి చాలా దూరం పాకుతుంది, అంచు అలల్లా వంకర తిరుగుతుంది, మళ్లీ అద్దం వంపుకు తేవడం కష్టం. ఇత్తడి పోసిన చోట అంచు మందం పెరుగుతుంది. అన్నింటికంటే పెద్దది ఫ్లక్స్ (ఇత్తడి అంటుకోవడానికి వాడే పొడి): అది గాజులా గట్టిపడి మూలల్లో ఉండిపోతుంది, తేమ పీల్చి ప్రైమర్ కింద నుంచి రంగును పొంగిస్తుంది. తప్పక ఇత్తడే పోయించాల్సి వస్తే ఫ్లక్స్ అంతా వేడినీళ్లతో, వైర్ బ్రష్‌తో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. బండిని మిగ్ ఉన్న షెడ్‌కు తీసుకెళ్లి ఆ మూలకు రెండు గంటల పని చేయించుకోవడం దీనికంటే మేలు. విజయవాడ ఆటోనగర్‌లో మిగ్ దొరక్కపోవడం అన్నది ఉండదు.

రంగుల_కాకినాడ
ఇక రసాయనాలు, రంగు నా వంతు.

తుప్పుకు పూసే జెల్లీలు, ద్రవాలు ఎక్కువగా ఫాస్ఫారిక్ యాసిడ్‌వి. రేకు మీద సన్నటి గుంటల్లో మిగిలిన గోధుమరంగు తుప్పుకు అవి బాగా పనిచేస్తాయి. కానీ డబ్బా మీద చెప్పినంత సేపు ఉంచి, నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. యాసిడ్ మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ పట్టు నిలవదు, వారం తర్వాత టేపు అంటించి లాగితే రేకు నుంచి ఊడి వచ్చేస్తుంది. రెండు రేకుల మధ్య సందులోకి మాత్రం యాసిడ్ పోనివ్వకండి, లోపలికి పోయినదాన్ని కడగలేరు. సందులకు సరైనది రామగుండం అన్న చెప్పినట్టు తెరిచి శుభ్రం చేయడమే. తెరవలేని చోట్ల రంగు పని అంతా అయ్యాక లోపలి వైపు నుంచి క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో తుప్పును ఆపే మైనం) కొట్టాలి.

కడిగిన రేకును అలా వదిలేయకూడదు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం అయితే పొద్దున మెరిసిన రేకు సాయంత్రానికి పసుపు పడుతుంది. శుభ్రం చేసిన రోజే ప్రైమర్ పడాలి. రేకు ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత (మంచు బిందువు) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, కాబట్టి తెల్లవారుజామున, వాన ఆగిన వెంటనే కొట్టకండి. అలాగే ఎండలో కాలిపోతున్న రేకు మీద కూడా వద్దు, థిన్నర్ రేకును చేరేలోపే ఎగిరిపోయి పొర పొడిపొడిగా కూర్చుంటుంది.

టూ ప్యాక్ (గట్టిపరిచే ద్రవం కలిపి వాడే) ఎపాక్సీ ప్రైమర్ రెండు పలచటి కోట్లు. అంచు పైన, వెనక, కింద, మూడు ముఖాలూ తడవాలి. గన్ దూరని మూలల్లో ముందు చిన్న బ్రష్‌తో పూసి తర్వాత గన్. రెండు కోట్లు కలిపి 50, 60 మైక్రాన్లు చాలు. చాలామంది బయటి ముఖం మీద మూడు నాలుగు కోట్లు కొట్టి, లోపలి ముఖం వదిలేస్తారు. తుప్పు మొదలయ్యేది లోపలి ముఖంలోనే. బండి లోపల సీటు మీద కూర్చుని చిన్న అద్దం పెట్టి ఆ వెనక ముఖాన్ని చూడండి.

ఎపాక్సీ ఆరాక రేకు అతుకుల మీద సీమ్ సీలర్. సన్నగా, వేలితో నునుపుగా లాగి, రబ్బరు కూర్చునే 12 ఎంఎం అంచు మీదకు రాకుండా. దాని మీద 2కె (అదీ గట్టిపరిచే ద్రవం కలిపేదే) టాప్ కోట్. అంచు పైన రంగు రెండు కోట్లకు మించి వద్దు. మాస్కింగ్ టేపును అంచు మధ్యలో ఆపకండి, టేపు ఆగిన చోట ఒక గట్టు మిగులుతుంది, రబ్బరు పెదవి కింద అది నీటికి దారి ఇస్తుంది.

బెజవాడ_మార్క్4
అంచు మీద పుట్టీ అసలే వద్దా? తుప్పు గుంటలు కొన్ని కనిపిస్తున్నాయి.

రంగుల_కాకినాడ
రబ్బరు కూర్చునే చోట వద్దు. పాలియెస్టర్ పుట్టీ నీళ్లు పీలుస్తుంది, రబ్బరు గాడిలో ఎప్పుడూ తేమ ఉంటుంది, తాడు లాగేటప్పుడు ముక్కలుగా ఊడుతుంది కూడా. సన్న గుంటల్ని ఎపాక్సీయే నింపుతుంది. గుంట 0.5 ఎంఎం దాటితే వెల్డ్ చుక్క పెట్టి ఫైల్ చేయాలి. ఎ పిల్లర్ బయట, కౌల్ మీద, రబ్బరు తాకని చోట పుట్టీ వేసుకోవచ్చు, అదీ ఎపాక్సీ మీదే.

ఎన్నాళ్లు ఆగాలన్నారు: రంగును 60 డిగ్రీల్లో అరగంట కాల్చే బూత్ ఉంటే మర్నాడు బిగించుకోవచ్చు. గాలికి ఆరితే వారం. గోరు గుచ్చుకోవట్లేదని మూడో రోజే బిగిస్తే, లోపల చిక్కుకున్న థిన్నర్ బయటకు రాలేక రబ్బరు కింద రంగు మెత్తబడి రబ్బరుకు అంటుకుంటుంది. తర్వాతెప్పుడో అద్దం తీసినప్పుడు రంగు రబ్బరుతో పాటు పొరగా లేస్తుంది.

పద్మిని_పాతబస్తీ
ప్రీమియర్ పద్మినికి కూడా ఇదే పద్ధతా? నా రబ్బరులో మెరిసే బీడింగ్ కూడా ఉంది.

గాజు_గది
అంచు పని అంతా ఇదే. బీడింగ్ దూరే గాడి ఉన్న రబ్బరు అయితే అద్దం కూర్చుని, నీళ్ల పరీక్ష అయ్యాకే బీడింగ్ ఎక్కించాలి. బీడింగ్ దూరాక రబ్బరు పెదవులు బిగుసుకుంటాయి, అప్పుడు సర్దుబాటు కుదరదు. ఒకటి మాత్రం కలపకండి: అద్దాన్ని నేరుగా పీయూ (పాలీయురేథేన్) గమ్‌తో అంటించే కొత్త తరం కార్ల పద్ధతి వేరు. అక్కడ పాత గమ్‌ను 1, 2 ఎంఎం పొరగా ఉంచి దాని మీదే కొత్తది వేస్తారు, రేకు దాకా గీకరు. రబ్బరు బండికి ఆ గమ్ వాడితే తర్వాత రబ్బరు కోయకుండా అద్దం రాదు.

బెజవాడ_మార్క్4
రంగు అయిపోయి వారం దాటింది. రబ్బరు గేజ్ ఎక్కడా ఆగట్లేదు. మందం 2.2, 2.3 మధ్య ఉంది. బిగించే పద్ధతి చెప్పండి. రబ్బరు రింగుగా ఉంది, అతుకు ఒకచోట కనబడుతోంది.

గాజు_గది
ముందు ఉత్తి ఫ్రేమ్‌లో అద్దం పెట్టి చూడండి. 6 ఎంఎం రబ్బరు దిమ్మెలు కింద రెండు, పక్కల ఒక్కొక్కటి పెట్టి అద్దం నిలపండి. చుట్టూ సందు 6కు అటూ ఇటూ 1 ఎంఎంలో ఉండాలి. ఒక మూల తాకుతోందంటే అక్కడ అంచు లోపలికి వంగిందని అర్థం, ఇప్పుడే సరిచేయాలి. ముందు నుంచి వంగి చూడండి, అద్దం వంపు ఫ్రేమ్ వంపుతో కలవాలి, ఒక మూల 3 ఎంఎం పైకి లేచి ఉంటే రబ్బరు దాన్ని బలవంతంగా కూర్చోబెడుతుంది, అది మంచిది కాదు.

అద్దాన్ని నేల మీద పరచకండి. గోడకు ఆనించి, కింద చెక్క మీద దుప్పటి వేసి నిలబెట్టండి. దాని అంచుల్ని థిన్నర్‌తో తుడవకండి, మధ్య పొర అంచు నుంచి తెల్లబడి విడిపోతుంది. సబ్బు నీళ్లు, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ చాలు.

రబ్బరును అద్దానికి ఎక్కించండి. అతుకు పై అంచు మధ్యలోకి రావాలి. కింద పెడితే నీళ్లు నిలిచేది అక్కడే.

ఉత్తరపార_1958
అతుకు విషయంలో నేను ఒప్పుకోను. పైన పెడితే అతుకు విడిపోయినప్పుడు నీరు నేరుగా రూఫ్ లైనింగ్‌లోకి, అద్దం లోపలి వైపుకు వస్తుంది. కింద పెడితే కనీసం డ్యాష్ మీద కనబడుతుంది, ఎక్కడ కారుతోందో తెలుస్తుంది.

గాజు_గది
కనబడటం నిజమే. కానీ పైన వాన జారిపోతుంది, కింద గంటల తరబడి నిలుస్తుంది. విడిపోయే అవకాశం తక్కువ ఉన్న చోటే నా ఓటు. రింగు ఫ్యాక్టరీలో అచ్చులో అతికినది అయితే ఎక్కడ పెట్టినా పెద్ద తేడా లేదు. మీటర్ లెక్కన కొన్న రబ్బరు అయితే మాత్రం పొడవు చుట్టుకొలత కంటే 10, 15 ఎంఎం ఎక్కువ ఉంచి, చివర్లు నిటారుగా కోసి, సైనోఅక్రిలేట్‌తో (సూపర్ గ్లూ) అతికించాలి. సరిగ్గా కొలిచి కోస్తే ఏడాదికి రబ్బరు కుంచించుకుని నోరు తెరుస్తుంది.

తర్వాత తాడు. 4 ఎంఎం నైలాన్ తాడు, ఫ్రేమ్ చుట్టుకొలత కంటే ఒక మీటరు ఎక్కువ. పురికొస వాడతారు గానీ అది రబ్బరు పెదవిని గీరుతుంది, తడిస్తే తెగుతుంది. తాడును రేకు గాడిలో అడుగు దాకా దూర్చండి, రెండు చివర్లు కింద మధ్యలో కలిసి 300 ఎంఎం ఒకదానిమీద ఒకటి రావాలి. గాడికి, ఫ్రేమ్ అంచుకు చిక్కటి సబ్బు నీళ్లు. గ్రీజు, ఇంజిన్ ఆయిల్, కొబ్బరినూనె ఏవీ వద్దు, నూనెకు చాలా రకాల రబ్బర్లు ఉబ్బుతాయి.

బయట ఇద్దరు అద్దాన్ని ఫ్రేమ్ మీద పెట్టి, మధ్యకు చూసి, కింది వైపు అరచేతులతో నొక్కి పట్టాలి. లోపల ఒకరు తాడు చివరను అద్దానికి సమాంతరంగా, అద్దం మధ్య వైపుకు లాగాలి. తన వైపుకు లాగితే పెదవి చిరుగుతుంది. 150 ఎంఎం లాగాక ఆగి, బయటివాళ్లు ఆ చోట నొక్కాక మళ్లీ లాగండి. కింద మొత్తం కూర్చున్నాక మూలలు, తర్వాత పక్కలు, చివరికి పైభాగం. ఎక్కడైనా తాడు మొండికేస్తే బలం పెంచకండి. వెనక్కు వచ్చి పెదవి మడత పడిందేమో చూడండి, నునుపైన ప్లాస్టిక్ పుల్లతో పైకి తీయండి. అద్దాన్ని పిడికిలితో గుద్దడం ఎంత మాత్రం వద్దు. చలిగా ఉన్న పొద్దున కాకుండా రబ్బరును ఒక గంట ఎండలో పెట్టి మొదలుపెడితే సగం శ్రమ తగ్గుతుంది.

అనకాపల్లి_గ్యారేజ్
సీలెంట్ వేయాలా వద్దా? వేస్తే ఏది?

రంగుల_కాకినాడ
వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. అది ఆరేటప్పుడు అసిటిక్ యాసిడ్ వదులుతుంది, రంగులో ఎక్కడ గీత ఉన్నా రేకును తింటుంది, ల్యామినేటెడ్ అద్దం అంచుకూ మంచిది కాదు. ఈ బండికి మొదట పట్టిన తుప్పులో దాని వాటా ఉండే ఉంటుంది. గట్టిపడని బ్యూటైల్ మాస్టిక్, గన్‌తో వేసేది తీసుకోండి. సబ్బు నీళ్లు పూర్తిగా ఆరాక, అంటే రెండు రోజుల తర్వాత, బయటి పెదవిని ప్లాస్టిక్ పుల్లతో కొద్దిగా లేపి రబ్బరుకూ రేకుకూ మధ్య, రబ్బరుకూ అద్దానికీ మధ్య సన్నగా నింపండి. తడి మీద వేస్తే అంటుకోదు, పైగా తేమను లోపలే బంధిస్తుంది. పొంగి బయటికొచ్చింది చెక్కపుల్లతో తీసి, మిగిలిన మరకను కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడవండి, గుడ్డ తడిగా ఉండాలి గానీ కారకూడదు.

బెజవాడ_మార్క్4
అద్దం కూర్చుంది, మాస్టిక్ వేశాం. నీళ్ల పరీక్షలో ఎడమ కాలి దగ్గర కార్పెట్ తడిసింది. లోపల రబ్బరు చుట్టూ మాత్రం తడి కనబడలేదు.

ఉత్తరపార_1958
అద్దం జోలికి పోకండి. పరీక్ష ఎలా చేశారు? పైపును పైనుంచి పెడితే నీళ్లు అంతటా పోయి ఎక్కడ దూరాయో తెలియదు. నోజిల్ తీసేసిన పైపుతో, ఒత్తిడి లేకుండా, కింది నుంచి మొదలుపెట్టండి. ముందు కౌల్ మీద మాత్రమే పది నిమిషాలు. తర్వాత అద్దం కింది అంచు, తర్వాత పక్కలు, చివర్లో పైన. లోపల డ్యాష్ కింద, ఎ పిల్లర్ పాదాల దగ్గర, వైపర్ స్పిండిల్స్ (వైపర్లు తిరిగే ఇరుసులు) చుట్టూ టాల్కం పౌడర్ చల్లి ఉంచండి, చుక్క జారిన దారి గీతలా కనబడుతుంది.

కౌల్ మీద నీళ్లు పోసినప్పుడే కార్పెట్ తడిస్తే అనుమానించాల్సినవి వైపర్ స్పిండిల్ కింది రబ్బరు వాషర్లు. పాతవి రాయిలా గట్టిపడి ఉంటాయి, రంగు వేయడానికి తీసి మళ్లీ అవే బిగించి ఉంటే అవి ఇక పట్టవు. గాలి కోసం కౌల్ మీద మూత ఉంటే దాని రబ్బరు, దాని కింది డ్రెయిన్ కూడా చూడండి. డ్రెయిన్‌లో ఎండుటాకులు, వెల్డింగ్ పొట్టు, పుట్టీ పొడి చేరితే నీరు తొట్టిలా నిండి లోపలికి పొర్లుతుంది. సైకిల్ బ్రేక్ కేబుల్ లాంటి మెత్తటి తీగతో పొడిచి, పైనుంచి ఒక మగ్గు నీళ్లు పోస్తే బండి కింద ఎంత వేగంగా పడుతున్నాయో తెలుస్తుంది.

బెజవాడ_మార్క్4
ఎడమ స్పిండిల్ చుట్టూ పౌడర్ తడిసి ముద్దయింది. వాషర్ రెండు చోట్ల పగిలి ఉంది. అద్దం చుట్టూ పౌడర్ పొడిగానే ఉంది.

ఉత్తరపార_1958
రెండు వైపులా వాషర్లు మార్చండి. నట్టు బిగించేటప్పుడు వాషర్ కింద కౌల్ రంధ్రం అంచు చూడండి, అక్కడ పచ్చి రేకు కనబడితే ఎపాక్సీ బ్రష్‌తో పూసి, ఆరాకే కూర్చోబెట్టండి. నట్టును మరీ బిగించకండి, వాషర్ కొద్దిగా ఉబ్బి బయటకు కనబడితే చాలు.